మాత్ర మింగిన తరువాత
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



సుబ్బారావుగారి పేరు మీద జరిగే సభల్లో కణాలకు ఇంధనమైన ఏటీపీ గురించి, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి, ఆయనకు రాని నోబెల్ గురించి చాలా విన్నాం. ఆ చివరిదాని మీద మన బాధ న్యాయమైనదే. కాని దాన్నే ఏటేటా తవ్వుకుంటూ కూర్చుంటే ఆయన చేసిన పనులు కొన్ని మరుగున పడిపోతాయని నా భయం. ఈ సాయంత్రం వాటిలో రెండింటిని పట్టుకుని, అక్కణ్ణుంచి బడిపిల్లల కడుపుల్లోకి వెళ్దామనుకుంటున్నాను. విషయం కాస్త రోతగా ఉంటుంది. భోజనాలు ఉపన్యాసం తరవాత పెట్టారని ఇప్పుడే తెలిసింది. నిర్వాహకులు నన్ను క్షమించాలి.

1895లో భీమవరంలో పుట్టిన మనిషి ఆయన. బోదకాలు కొత్త కాని ప్రాంతం అది. సొంత అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటబట్టక, రక్తం పట్టక మనిషిని క్షీణింపజేసే రోగం అది. తరవాత ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో చేరినప్పుడు ఆయన నాయకత్వంలో వచ్చిన మందుల్లో రెండింటిని చూడండి. ఒకటి ఫోలిక్ ఆసిడ్, స్ప్రూ రోగుల రక్తహీనతకు పనికొచ్చింది. రెండోది 1947లో లోకానికి తెలిసిన హెట్రజాన్, అంటే డైఇథైల్ కార్బమజైన్, బోదకాలు పురుగుకు మందు. ఆ మరుసటి ఏడే, 1948 ఆగస్టులో, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఈ రెండు మందులూ ఈనాటికీ మన బళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. వారానికోసారి హైస్కూలు పిల్లలకిచ్చే నీలం మాత్రలో ఇనుముతోపాటు ఉండేది ఫోలిక్ ఆసిడే. బోదకాలు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో ఒకటి ఆయనది. దానికి తోడుగా ఇచ్చే రెండో మాత్ర ఆల్బెండజోల్. బోదకాలు కోసమని ఇచ్చిన ఆ రెండో మాత్ర, ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోయినా, పేగుల్లోని పురుగుల్ని కూడా బయటికి పంపుతూ వచ్చింది. ఆ పురుగుల గురించే నేను చెప్పబోయేది.

కడుపులో పురుగులంటే మనవాళ్ళు అన్నింటినీ ఒక్క మాటలో కలిపేస్తారు. మట్టి ద్వారా సోకేవి ముఖ్యంగా మూడు రకాలు. ఏలికపాము అన్నింటిలోకి పెద్దది, ఆడపురుగు జానెడు పొడవు దాటుతుంది. అది రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది. గుడ్డు మలంతోపాటు మట్టిలో పడి, రెండు మూడు వారాలకు ముదిరి, ఏళ్ళ తరబడి చెడకుండా ఉండగలదు. గోళ్ళలో మట్టి, కడగని క్యారెట్టు, దుమ్ములో దొర్లిన జామకాయ, వీటితో నోట్లోకి చేరుతుంది. లోపల పొదిగిన పిల్ల నేరుగా పేగులో స్థిరపడదు. రక్తంలో పడి, ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి పాకి, బిడ్డ గుటక వేస్తే మళ్ళీ కడుపులోకి దిగి అప్పుడు పెద్దదవుతుంది. రెండోది కొరడా పురుగు. సన్నని తలభాగాన్ని పెద్దపేగు పొరలోకి గుచ్చి కూర్చుంటుంది. ఇది మొండిది, దీని సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

మూడోది కొంకి పురుగు. సెంటీమీటరు మాత్రమే ఉంటుంది గాని, నష్టంలో మిగతా రెండింటికన్నా ఘటికురాలు. దీనికి నోటితో పనిలేదు. తడి ఇసకనేలలో గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదిగి, వారం పదిరోజుల్లో పిల్ల పురుగు సిద్ధమై, ఒట్టి కాలితో నడిచేవాళ్ళ కోసం కాచుకుంటుంది. చర్మంలోంచి దూరుతుంది. కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త పరిశోధన చేస్తుండగా ఈ పిల్లపురుగులున్న నీళ్ళు పొరపాటున చేతిమీద ఒలికాయి. చెయ్యి దురద పెట్టింది. కొన్ని వారాల తరవాత తన మలంలోనే గుడ్లు కనిపించాయి. చర్మం దారి అలా బయటపడింది.

ఈ పురుగు పేగు గోడను కరిచి రక్తం తాగుతుంది. మన దేశంలో ఎక్కువగా కనబడే రకం ఒక్కోటి రోజుకు తాగేది సుమారు 0.03 మిల్లీలీటరు. వినడానికి ఏమీ లేదు. నూరు పురుగులున్న బిడ్డకు లెక్క వేయండి: రోజుకు 3 మిల్లీలీటర్లు, ఏడాదికి లీటరు పైచిలుకు. ఇరవై కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే లీటరున్నర. కారిన ఇనుములో కొంత పేగు మళ్ళీ పీల్చుకుంటుంది, నిజమే. అయినా పప్పూ అన్నంతో పెరిగే పిల్లకు ఆ మిగతాది పూడ్చుకోవడం ఎక్కడ సాధ్యం? ఆ బిడ్డ పాలిపోతుంది, ఆటలో కూర్చుండిపోతుంది, కొన్నాళ్ళకు గోడ సున్నమో మట్టో తినడం మొదలుపెడుతుంది. మాస్టారు ‘మందమతి’ అని రాసేస్తాడు.

ఇంకో రెండు సంగతులు మనసులో పెట్టుకోమని కోరుతున్నాను, ముందుకు అవసరం పడతాయి. ఒకటి, ఈ పురుగులు ఒంట్లో పడ్డాక సంతానం పెంచుకోలేవు. ఎన్ని పిల్లపురుగులు బయటినుంచి వస్తే అన్నే పెద్దవవుతాయి. అంటే రోగం తీవ్రత బయటి మట్టి ఎంత పాడైందో చెబుతుంది. రెండోది, ఇవి అందరిలోనూ సమానంగా ఉండవు. ఊళ్ళో నూటికి ఇరవైమంది ఒంట్లోనే ఎనభై వంతుల పురుగులు పోగుపడి ఉంటాయి. మిగతావాళ్ళకు ఒకటో రెండో, లేదా అసలే ఉండవు.

మన పెద్దవాళ్ళకు పురుగుల సంగతి తెలియదనుకోకండి. పిల్లవాడు రాత్రిపూట పళ్ళు కొరికితే పురుగులన్నారు. బెల్లం తింటే పుడతాయన్నారు. ఆ రెంటికీ ఆధారం లేదు. కాని కొన్నాళ్ళకోసారి ఆముదం పట్టించడం, వాయువిడంగాలు నూరి ఇవ్వడం వెనక ఒక సరైన గ్రహింపు ఉంది: ఇది ఒకసారి పోయి ఊరుకునే జబ్బు కాదు, మళ్ళీ మళ్ళీ చూసుకోవలసిందే. గొర్రెల కాపరికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. వానాకాలానికి ముందొకసారి, తరవాతొకసారి మందకు నట్టల మందు పోయించకపోతే గొర్రె బతకదని అతనికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఆల్బెండజోల్ కూడా 1970లలో మొదట పశువుల మందుగానే తయారైంది. మనుషుల వంతు 1980లలో వచ్చింది.

బడిని పట్టుకుని ఈ పురుగు మీద దండెత్తిన మొదటి పెద్ద ప్రయత్నం పేద దేశాల్లో జరగలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జరిగింది. చార్లెస్ స్టైల్స్ అనే జంతుశాస్త్రవేత్త 1902లో అక్కడి కొంకి పురుగు జాతిని గుర్తించి, దక్షిణాది పేదల నీరసానికి ఇదే కారణమన్నాడు. పత్రికలు దాన్ని ‘సోమరితనపు క్రిమి’ అని వెక్కిరించాయి. 1909లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ పదిలక్షల డాలర్లు ఇచ్చి ఒక కమిషన్ వేయించాడు. పరీక్షిస్తే బడి ఈడు పిల్లల్లో నూటికి నలభైమందికి పురుగులున్నాయి. 11 రాష్ట్రాల్లో ఊరూరా శిబిరాలు పెట్టి, జనం కళ్ళ ముందే సూక్ష్మదర్శినిలో గుడ్లు చూపించి, థైమాల్, విరేచనాల ఉప్పు ఇచ్చారు. ఐదేళ్ళలో దాదాపు 7 లక్షలమందికి వైద్యం జరిగింది. దొడ్లలో మరుగుదొడ్లు కట్టుకోమని వెంటబడ్డారు.

దాని ఫలితం ఏమిటన్నది దాదాపు నూరేళ్ళ తరవాత హోయ్ట్ బ్లీక్లీ అనే ఆర్థికవేత్త పాత జనాభా లెక్కలు ముందేసుకుని కట్టాడు. 2007లో వచ్చిన ఆ పత్రం ప్రకారం, పురుగు ఎక్కువగా ఉన్న జిల్లాల్లోనే ఆ తరవాత బడి హాజరు, అక్షరాస్యత వేగంగా పెరిగాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక సంపాదన కూడా పెరిగింది. అదే రాక్‌ఫెల్లర్ సంస్థ 1920లలో మన మద్రాసు రాజధానిలోనూ కొంకి పురుగు ప్రచారానికి చెయ్యి కలిపింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. ఆ పని ఇక్కడ వేళ్ళూనుకోలేదు. వలస ప్రభుత్వానికి కూలీ నిలబడితే చాలు, కూలీ కొడుకు బడిలో నిలబడటం దాని పద్దులో లేదు.

నేను చాలాసేపు ఆగదలచుకున్నది జపాన్, కొరియాల దగ్గర. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి జపాన్‌లో సగానికి పైగా జనానికి ఏలికపాములున్నాయి. కారణం స్పష్టం. పొలానికి మానవ మలమే ఎరువు. కూరగాయలు ఆ ఎరువులోనే పెరిగేవి. 1958 నాటి పాఠశాల ఆరోగ్య చట్టం కింద పిల్లలు క్రమంగా మలం నమూనా బడికి తెచ్చేవారు, గుడ్లు కనబడినవాళ్ళకు మందు ఇచ్చేవారు, మళ్ళీ పరీక్షించేవారు. ఒక తరం గడిచేసరికి గుడ్లు దొరకడమే అరుదైపోయింది. అయినా వాళ్ళు పరీక్ష మానలేదు. బళ్ళలో ఆ పరీక్షను నిబంధనల్లోంచి తొలగించింది 2016లో. వెతకడానికి పురుగు మిగలని ఎన్నో ఏళ్ళ తరవాత!

కొరియా కథ ఇంకా కఠోరంగా మొదలవుతుంది. 1963లో జంజు పట్టణంలోని ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళ అమ్మాయి పేగు మూసుకుపోయి చనిపోయింది. ఆపరేషన్‌లో ఆమె పేగునుంచి తీసిన ఏలికపాములు 1,063. ఆ అంకె దేశాన్ని సిగ్గుపడేలా చేసింది. మరుసటి ఏడు పరాన్నజీవుల నిర్మూలన సంఘం ఏర్పడింది, 1966లో చట్టం వచ్చింది, 1969 నుంచి బడిపిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు మలపరీక్ష. నమూనాల పొట్లాలు పట్టుకుని బడికి రావడం, గుడ్లు దొరికిన పిల్లల పేర్లు మాస్టారు తరగతిలో చదవడం ఆ తరం కొరియావాళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు. పిల్లల్ని అలా నలుగురిలో నిలబెట్టడాన్ని నేను సమర్థించను. కాని అంకెలు చూడండి. 1971 జాతీయ సర్వేలో నూటికి 84.3 మందిలో ఏదో ఒక పురుగు గుడ్లు కనిపించాయి. 1997 సర్వేలో 2.4.

ఇది మందు ఒక్కదాని ఘనత కాదు. అదే కాలంలో పొలాల్లోకి రసాయన ఎరువు వచ్చింది, ఇళ్ళకు నీటిగొట్టాలు, మురుగు కాలవలు వచ్చాయి, జనం చేతిలో డబ్బాడింది. కొరియాలో పరీక్ష లేకుండా ఇవన్నీ వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గాని, ప్రతి ఆరునెలలకూ తమ దేశంలో పురుగు ఎంత మిగిలిందో వాళ్ళకు తెలిసేది. ఎక్కడ తగ్గడం లేదో కూడా తెలిసేది.

తరవాతి దశాబ్దాల్లో పేద దేశాలకు చెప్పిన పద్ధతి వేరు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి నమిలితే చాలు, ప్రమాదం దాదాపు లేదు, ధర కారుచౌక. పిల్లవాడి మలం పరీక్షించే ఖర్చు మాత్ర ఖర్చుకన్నా ఎన్నో రెట్లు. అలాంటప్పుడు పరీక్షించి కొందరికి ఇచ్చేకన్నా పరీక్షించకుండా అందరికీ ఇవ్వడమే తెలివి. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ దారినే ఆమోదించి, 2010 నాటికి ప్రమాదంలో ఉన్న బడి ఈడు పిల్లల్లో కనీసం 75 శాతానికి మందు అందాలని లక్ష్యం పెట్టింది. ఊళ్ళో నూటికి ఇరవైమందికి పురుగులుంటే ఏడాదికోసారి, యాభై దాటితే రెండుసార్లు. తర్కం సరైనదే. నేను దీన్ని తప్పు పట్టడానికి రాలేదు.

ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చింది కెన్యాలోని బుసియా జిల్లా. విక్టోరియా సరస్సు దగ్గరి ప్రాంతం. 1998లో 75 బళ్ళు, ముప్పైవేలకు పైగా పిల్లలు. డబ్బు, మనుషులు చాలక అన్ని బళ్ళకూ ఒకేసారి ఇవ్వలేక మూడు విడతలుగా ఇచ్చారు. ఆ విడతల్నే ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రేమర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రయోగంగా మలచుకున్నారు. 2004లో వాళ్ళు ప్రకటించిన ఫలితం: మందు ఇచ్చిన బళ్ళలో గైర్హాజరు నాలుగోవంతు తగ్గింది. మందు మింగని పిల్లలకూ, పక్క బళ్ళలోని పిల్లలకూ కూడా లాభం అందింది, ఎందుకంటే మట్టిలోకి చేరే గుడ్లు తగ్గాయి. పరీక్షల మార్కులు మాత్రం పెరగలేదు. ఈ చివరి మాటను ప్రచారకులు సాధారణంగా చెప్పరు.

అదే బుసియాలో జరిగిన ఇంకో ప్రయోగం నాకు మరీ విలువైనదిగా తోస్తుంది. మందు ఉచితంగా ఇచ్చినప్పుడు మింగినవాళ్ళు నూటికి 75 మంది. కొన్ని బళ్ళలో తల్లిదండ్రుల నుంచి పిల్లకు సగటున 30 సెంట్ల రుసుము వసూలు చేశారు. మింగినవాళ్ళు 19కి పడిపోయారు. పొరుగువాడి పిల్లకు కూడా మేలుచేసే మందుకు నా జేబులోంచి ఎందుకివ్వాలని మనిషి అనుకుంటాడు. ఉచితాల మీద మన దగ్గర టీవీల్లో జరిగే చర్చల్లో ఈ ఒక్క అంకె ఎవరైనా ఉదహరిస్తే బాగుండును.

2015లో పెద్ద రభస జరిగింది. బ్రిటన్ పరిశోధకులు బుసియా సమాచారాన్ని తిరిగి లెక్కించి, దూరాల లెక్కలో తప్పు పట్టుకున్నారు. పక్క బళ్ళకు అందిన లాభం మొదట చెప్పినంత దూరం పాకలేదని తేలింది. అదే ఏడాది కోక్రేన్ సమీక్ష, ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రయోగాలను కలిపి చూసి, అందరికీ మందు ఇస్తే పిల్లల బరువులో, చదువులో సగటున చెప్పుకోదగ్గ తేడా కనబడలేదంది. అంతకు ముందే, 2013లో, మన ఉత్తరప్రదేశ్‌లో పదిలక్షలమంది చిన్నపిల్లలతో జరిగిన డెవ్‌టా ప్రయోగం ఫలితం వచ్చింది. ఆరునెలలకోసారి చొప్పున ఐదేళ్ళు ఆల్బెండజోల్ ఇచ్చినా మరణాల్లో తేడా దాదాపు లేదు. అక్కడి పిల్లల్లో పురుగుల బరువు తక్కువని ఆ పరిశోధకులే రాశారు. ఇటు 2021లో మిగెల్, క్రేమర్‌ల బృందం, బుసియా పిల్లలు ముప్పైల్లోకి వచ్చాక మళ్ళీ వెతికి పట్టుకుని, రెండు మూడేళ్ళు ఎక్కువగా మందు అందినవాళ్ళ గంటసంపాదన 13 శాతం ఎక్కువగా ఉందన్నది.

ఎవరి మాట నమ్మాలి? ఇందాక మనసులో పెట్టుకోమన్న రెండో సంగతి ఇక్కడ పనికొస్తుంది. నూరుమంది పిల్లల్లో పదిమందికే గట్టిగా పురుగులుంటే, ఆ పదిమందికి కలిగే మేలును నూరుతో భాగిస్తే సగటులో ఏమి కనబడుతుంది? ఏమీ కనబడదు. పురుగు తక్కువైన చోట చేసిన ప్రయోగం ఏమీ లేదంటుంది, ఎక్కువైన చోట చేసింది ఎంతో ఉందంటుంది. రెండూ అబద్ధం కానక్కర్లేదు. కాబట్టి మందు పనిచేస్తుందా అని అడగడం వృథా. ఈ ఊళ్ళో, ఈ ఏడాది, ఎంత పురుగు ఉంది? ఆ సంగతి తెలియకుండా మాత్ర మంచిదనీ చెప్పలేం, దండగనీ చెప్పలేం.

మన దగ్గరికి వస్తాను. బళ్ళ ద్వారా పెద్దఎత్తున మాత్రలు పంచడం మన దేశంలో ముందుగా మొదలైన చోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2009లో. 2015 ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలతో మొదలై, మరుసటి ఏటికి దేశమంతా పాకింది. ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళకు ఫిబ్రవరిలో, ఆగస్టులో. రెండేళ్ళలోపు బిడ్డకు సగం మాత్ర, పొడిచేసి. అంగన్‌వాడీ టీచరు, ఆశా, ఏఎన్ఎం, బడి హెడ్మాస్టరు, అందరూ ఆ రోజు దీని మీదే. ఇంత పెద్ద పని ఒక్కరోజులో చేయగల యంత్రాంగం లోకంలో ఎన్ని దేశాలకుంది? దీన్ని చులకన చేసే హక్కు నాకు లేదు.

2020 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ కొన్ని రాష్ట్రాల మలపరీక్షల సర్వే ఫలితాలు ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్‌లో పురుగులున్నవాళ్ళు 2016లో నూటికి 74.6, 2018లో 13.9. రాజస్థాన్‌లో 2013లో 21.1, 2019లో ఒక్కరికన్నా తక్కువ. గట్టిగా తగ్గిన రాష్ట్రాల జాబితాలో తెలంగాణ పేరుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో 36 ఉన్నది, తొమ్మిది విడతల మాత్రల తరవాత 2019లో 34.3.

మళ్ళీ చదువుతాను. తొమ్మిది విడతలు. 36 నుంచి 34.3.

తెలంగాణ, ఆంధ్ర ఒకనాడు ఒకే రాష్ట్రం. ఒకే మాత్ర, ఒకే తేదీ. ఈ అంకె మీద మన శాసనసభలో చర్చ జరగాలి, మన వైద్య కళాశాలల్లో పది సిద్ధాంత వ్యాసాలు రావాలి. నేను పారసైటాలజీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ మౌనం నాకు సహించరానిదిగా ఉంది. తగ్గకపోవడానికి ఏయే కారణాలను అనుమానించాలో మాత్రం చెప్పగలను, అవన్నీ వేరే చోట్ల రుజువైనవే.

మొదటిది, మళ్ళీ సోకడం. లోకంలోని అధ్యయనాలను కలిపి 2012లో ఒక విశ్లేషణ వచ్చింది. మందు ఇచ్చిన ఏడాదికి ఏలికపాము మొదటి స్థాయిలో 94 శాతానికి, కొరడా పురుగు 82 శాతానికి, కొంకి పురుగు 57 శాతానికి తిరిగొచ్చేస్తాయి. మాత్ర కడుపుని శుభ్రం చేస్తుంది, వాకిలిని కాదు.

రెండోది, పెద్దవాళ్ళు. ఏలికపాము, కొరడా పురుగు పిల్లల్లో ఎక్కువ. కొంకి పురుగు అలా కాదు, వయసుతో పెరుగుతుంది. పొలంలో ఒట్టికాళ్ళతో నాట్లు వేసే తల్లి ఒంట్లో అది ఉంటే, బిడ్డకు ఆగస్టు 10న ఇచ్చిన మాత్ర ఆ ఇంట్లో ఎన్నాళ్ళు కాపలా కాస్తుంది? కెన్యా తీరంలోని క్వాలే జిల్లాలో దీన్ని పరీక్షించారు, 2019లో ఫలితం వచ్చింది. బడిపిల్లలకే ఏడాదికోసారి ఇచ్చిన చోట కొంకి పురుగు 18.6 శాతం నుంచి 13.8కి తగ్గింది. ఊరందరికీ ఇచ్చిన చోట 17.9 నుంచి 8కి తగ్గింది. ఇదే ప్రశ్నతో మన పొరుగున వేలూరు ప్రాంతంలో, జవ్వాదు కొండల్లో, డీవార్మ్3 అనే పెద్ద పరిశోధన బెనిన్, మలావీలతోపాటు జరిగింది. కొంకి పురుగు ఎక్కువైన మండలాల్లో బడి గేటు దగ్గరే ఆగిపోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. గర్భిణులకు ఇప్పటికే మొదటి మూడు నెలల తరవాత మందు ఇస్తున్నారు. మిగతా ఆడవాళ్ళను ఎందుకు వదలాలి?

మూడోది మరుగుదొడ్డి. దీని గురించి చాలా ఉపన్యాసాలు విన్నారు, కనుక ఒక్క సంగతే చెబుతాను. ఒడిశాలోని పూరీ జిల్లాలో 100 గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2014లో వచ్చింది. మరుగుదొడ్లు కట్టించిన ఊళ్ళలో అవి ఉన్న ఇళ్ళు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. పిల్లల్లో పురుగులు తగ్గలేదు. కట్టడం వేరు, అందరూ అన్నివేళలా వాడటం వేరు. ఊళ్ళో సగంమంది చెరువుగట్టుకు వెళుతూనే ఉంటే ఆ గట్టు మీది మట్టి మారదు. ఇక్కడ ఇథియోపియా మనకు చిన్న ఊరట. అక్కడ 2015లో వచ్చిన అధ్యయనంలో వారానికోసారి గోళ్ళు కత్తిరించి, సబ్బుతో చేతులు కడిగించిన పిల్లలకు పేగుల పరాన్నజీవులు మళ్ళీ సోకడం గణనీయంగా తగ్గింది. గోళ్ళు కత్తిరించడానికి బడ్జెట్ మంజూరు అక్కర్లేదు.

నాలుగోది మందు శక్తి. ఒక్క మాత్రతో ఏలికపాము నూటికి తొంభైకి పైగా పోతుంది, కొంకి పురుగు ఎనభై దగ్గర. కొరడా పురుగు మాత్రం ముప్పయ్యే. మాత్ర మింగిన బిడ్డ కడుపులో అది హాయిగా ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ కలిపి ఇస్తే ఫలితం మెరుగని ఈమధ్య ప్రయోగాలు గట్టిగా చెబుతున్నాయి. ఇంకొక భయం కూడా ఉంది. ఈ జాతి మందులకు లొంగని పురుగులు గొర్రెల్లో ఎన్నో దేశాల్లో పుట్టుకొచ్చాయి. మనుషుల్లో అలా జరగకూడదంటే మందు పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి. చూడకపోతే జరిగినప్పుడు తెలియదు.

చూడటం ఎంత పని? కాటో అనే జపాన్ శాస్త్రవేత్త 1954లో రూపొందించి, బ్రెజిల్‌లో కాట్జ్ 1972లో మెరుగుపరచిన పద్ధతే నేటికీ వాడుకలో ఉంది. చిన్న రంధ్రమున్న బిళ్ళలో 41.7 మిల్లీగ్రాముల మలం నింపి, గాజుపలక మీద పెట్టి, గ్లిజరిన్‌లో నానిన సెల్లోఫేన్ ముక్క కప్పి, గుడ్లు లెక్కపెట్టి 24తో హెచ్చించాలి. గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. ఒక్క జాగ్రత్త కావాలి. కొంకి పురుగు గుడ్డు గంటలోపే గ్లిజరిన్‌లో కరిగి కంటికి కనబడకుండా పోతుంది, వెంటనే చూడాలి. సూక్ష్మదర్శిని, శిక్షణ ఉన్న ల్యాబ్ టెక్నీషియను ఉంటే సరిపోయే పని ఇది. ప్రతి బిడ్డకూ అక్కర్లేదు, కొరియాలాగా పేర్లు చదవనూ అక్కర్లేదు. మండలానికి కొన్ని బళ్ళు, బడికి కొందరు పిల్లలు, రెండేళ్ళకోసారి. అవసరమైన చోట రెండు విడతలు, ఊరందరికీ. అవసరం తీరిన చోట మాత్రలు ఆపి ఆ డబ్బు నీటికి, చెప్పులకు.

ఇప్పుడు మనం లెక్కపెట్టేది మాత్రల్ని. సాయంత్రానికి జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి ఢిల్లీకి వెళ్ళే అంకె ‘ఇంతమందికి పంపిణీ చేశాం’ అన్నది. నాకు తెలిసిన ఒక బడిలో ఆ రోజు రాని పిల్లల మాత్రలు బీరువాలోనే ఉండిపోయాయి, రిజిస్టరులో మాత్రం అందరూ మింగేశారు. ఆ హెడ్మాస్టరును తప్పు పట్టను. నూటికి నూరు తప్ప వేరే అంకె పంపితే ఆయన్నే సంజాయిషీ అడుగుతారు. ఆ రోజు రాని పిల్లే తరచు బడికి రాని పిల్ల, ఇంట్లో బావిగట్టు దగ్గర చిన్నవాణ్ణి ఎత్తుకుని ఉండే పిల్ల. ఎక్కువ పురుగులున్నది ఆమెకే కావచ్చు.

అందుకని మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఈ సభలో ఉపాధ్యాయులున్నారు, వైద్యులున్నారు, మండల పరిషత్తు సభ్యులున్నారు, విలేకరులు కూడా ఉన్నారు. వచ్చే విడత మాత్రలప్పుడు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రెండు ప్రశ్నలు అడగండి. మన మండలంలో చివరిసారి పిల్లల మలపరీక్ష ఎప్పుడు జరిగింది? నూరుమందిలో ఎంతమందికి గుడ్లు కనిపించాయి? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. జవాబు వస్తే పత్రికలో రాయండి, బడి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ అంకె మన దగ్గర ఉన్నప్పుడే వచ్చే మాత్ర ఎవరికివ్వాలో తెలుస్తుంది.